తుపాను రాత్రులకు దాచుకునే ఎండ
2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి కనుక, శ్రీకాకుళం జిల్లాలో ఇంటిపై సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవారు బ్యాటరీ గురించి ముందుగానే ఆలోచించాలని గట్టిగా కోరుతున్నాను. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే పరికరం ఇన్వర్టరు. గ్రిడ్‌పై, అంటే బయటి కరెంటు లైన్లపై, మాత్రమే ఆధారపడే ఇన్వర్టరు, ఇంటి కరెంటు ఆ లైన్లలోకి వెళ్లకుండా, లైన్‌మన్ల ప్రాణరక్షణ కోసం, సరఫరా పోగానే తానూ ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. హైబ్రిడ్ ఇన్వర్టరయితే ఇంటిని గ్రిడ్ నుంచి వేరుచేసి, పగటి మిగులుతో నిండిన బ్యాటరీ నుంచి కరెంటు అందిస్తుంది. 5 యూనిట్ల లిథియం బ్యాటరీలో 80 శాతం వాడుకున్నా 4 యూనిట్లు దక్కుతాయి. మొత్తం 200 వాట్ల దీపాలు, ఫ్యాన్లు, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు పోయే నష్టం పోను, సుమారు 18 గంటలు నడుస్తాయి. బోరు మోటారును మాత్రం దీనికి కలపవద్దు, ఎందుకంటే అది మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది.