కొండగుడికి వెళ్లి, క్రిస్మస్‌కు ఇంటికి

డిసెంబరు 8, నిష్కళంక మాత పండుగ. శ్రీకాకుళం మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింది కతోలిక ప్రాంతం, అందులోని విచారణల (ఒక్కో గురువు చూసుకునే సంఘాల) నుంచి ఆ రోజు విశాఖ పాతనగరంలో మరియమాత గుడి అయిన కొండగుడికి బయల్దేరేవాళ్లలో మా జట్టూ ఒకటి. క్రిస్మస్‌కు ఇంకా 17 రోజులుంది కాబట్టి ఇదేదో వేరే పండుగ అనుకుంటారు చాలామంది. మా లెక్కలో క్రిస్మస్ ఇక్కడే మొదలవుతుంది. బిడ్డ పుట్టినరోజుకు ముందు తల్లిని పలకరించి రావడమన్నమాట. కొండ దిగాక ఇంట్లో చేయాల్సిన పని, ఎక్కిన శ్రమకన్నా ఎక్కువే. అందుకే ఇక్కడ కొండ గురించి ఎంత రాశామో ఇంటి గురించీ అంత రాశాం.

మా వైపు ఈ యాత్రకు అడ్డొచ్చేది వరి. డిసెంబరు మొదటి వారానికి కొన్ని మడులు కోసి పనల మీద ఉంటాయి, కొన్ని కుప్ప పడి ఉంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారంటే ఇంటికి ఒకరైనా కళ్లంలో ఉండాల్సిందే. 2021లో జవాద్ తుపాను భయంతో సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ లైనులో చాలా రైళ్లు రద్దయ్యాయి. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటినా వాన మన దాకా వచ్చింది. అందుకని 5వ తేదీ నుంచే వాతావరణ కేంద్రం చెప్పేది వింటూ ఉంటాం. పనలు తడిసేలా ఉంటే యాత్ర మానుకుని కుప్ప వేసుకోవడమే సరైన పని. 8న సొంత విచారణ గుడిలోనూ పూజ ఉంటుంది. కొండ ఎక్కి తీరాలన్న విధి ఎవరికీ లేదు. మొక్కున్నవాళ్లు ఇంకో రోజు వెళ్లొచ్చు, మాత కొండ దిగి ఎక్కడికీ పోదు.

బస్సులో అయితే శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, రెండున్నర మూడు గంటలు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న జట్టుకు మాత్రం రైలే నయం. కాళ్లు చాపుకోవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది. పలాస వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఆమదాలవలసలో ఎక్కాలి. టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్డు అనే ఉంటుంది, కొత్తవాళ్లు ఊళ్లోనే స్టేషను ఉందనుకుని తడబడేది ఇక్కడే. పట్టణం నుంచి స్టేషనుకు ఆటోలో అరగంట వేసుకోండి. రైలు వేళలు మారుతుంటాయి, ముందురోజు రాత్రి ఇంకోసారి చూసుకోవాలి. విజయనగరం వాళ్లకు ఇంత హడావిడి లేదు, అక్కడి నుంచి విశాఖ రైల్లో 60 కిలోమీటర్ల పైచిలుకే.

జపమాల ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా మాకు ఒక లెక్క. ఆమదాలవలసలో ఎక్కగానే మొదలుపెడితే సంచులు సర్దుకోవడం, సీట్ల గొడవ మధ్య సగం మందికి పెదవులే కదులుతాయి. పొందూరు దాటనివ్వండి. అక్కడ మొదలుపెడితే జపమాలలోని 5 పదులూ, అంటే పదేసి ప్రార్థనల వరసలు, చీపురుపల్లి చేరేసరికి పూర్తవుతాయి. ఒక్కో పదికి యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టాన్ని తలచుకుంటాం, వాటినే రహస్యాలంటారు. వారాన్ని బట్టి ఏ రహస్యాలైనా, ఈ ప్రయాణంలో మేం సంతోష రహస్యాలే చెప్పుకుంటాం. రెండోదానిలో మరియమ్మ గర్భంతో కొండసీమకు బయల్దేరుతుంది, మూడోదానిలో బాలయేసు పుడతాడు. పెట్టెలో వేరేవాళ్లూ ఉంటారు కనుక గొంతు పెంచొద్దు. పాటకు మైకు పెట్టే జట్లను చూస్తే మాకే ఇబ్బందిగా ఉంటుంది.

తిండి విషయానికొస్తే పులిహోరను మించింది లేదు. కిలో బియ్యం ఏడెనిమిది మందికి సరిపోతుంది. చింతపండుదే చేయాలి. ఆ కాలంలో దబ్బకాయలు బాగా వస్తాయి, రుచీ బాగుంటుంది, కానీ సాయంత్రానికి చేదెక్కుతుంది. అన్నం పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత బిగిస్తే ఆవిరి నీరై దిగి మధ్యాహ్నానికే పాడవుతుంది. మనిషికి లీటరు నీళ్లు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో గురువు ఇచ్చే అప్పం, తీసుకునేవాళ్లు గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్లకూ మందులకూ అడ్డు లేదు. పెద్ద వయసువాళ్లకు, జబ్బు మనుషులకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఆ గంట నియమం కూడా లేదు. ఈ సంగతి తెలియక షుగరున్న పెద్దమ్మలు తెల్లవారుజాము నుంచి కడుపు మాడ్చుకుని కొండ మీద కళ్లు తిరిగి పడిపోతుంటారు. భక్తి పేరుతో ఇది చేయనివ్వకండి. రైల్లోనే తినిపించండి.

విశాఖ స్టేషను నుంచి పాత పోస్టాఫీసు వైపు ఆటోలు దొరుకుతాయి. పండుగరోజు కొండ కింద దూరంగానే దిగి నడవాల్సి ఉంటుందనుకునే బయల్దేరండి. కొండ పెద్దది కాదు, ఆగి ఆగి ఎక్కితే ముసలివాళ్లూ ఎక్కగలరు. “నాను నడుస్తాన్రా బాబూ, నన్నొగ్గీండి” అనే మామ్మలే ముందు పైకి చేరతారు. తొందరపడి మాట్లాడుతూ ఎక్కే కుర్రాళ్లకే ఆయాసం. ఎండెక్కకముందు, అంటే పదిలోపు, పైకి చేరడం మంచిది. డిసెంబరైనా సముద్రపు ఉక్క వదలదు. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ వేసి, తప్పిపోతే ఎక్కడ నిలబడాలో కిందనే చెప్పండి. కొవ్వొత్తులు గాలికి నిలవవు. సన్నవి డజను కొనేకన్నా లావుపాటిది ఒకటి ఇంటిల్లిపాదికీ చాలు.

పైనుంచి ఓడరేవు కాలువ, అవతల డాల్ఫిన్ నోస్ కనిపిస్తాయి. ఆ వరసలో కొండలు మూడు. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, అన్నిటికన్నా ఎత్తయినదాని మీద మరియమాత. 1864లో రాస్ అనే ఆయన ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడని, ఆ ఇల్లే తర్వాత గుడి అయిందని చెబుతారు. రాస్ హిల్ అన్న పేరు అలా వచ్చిందే. ఫ్రాన్సులోని అన్నెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సాలెస్ సభ గురువులు విశాఖకు 1846లో వచ్చారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కతోలిక విచారణలకు మూలం ఆ రాకే. శ్రీకాకుళం వేరే మేత్రాసనంగా ఏర్పడింది 1993లో.

మా జట్టులో అందరూ కతోలికులు కారు. ఉత్తరాంధ్రలో బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేట వైపు కెనడా బాప్టిస్టు మిషను నాటిన సంఘాలు, సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్ సంఘాలు పాతవి. పెళ్లిళ్లు అటూ ఇటూ అవుతాయి. బాప్టిస్టు ఇంటి నుంచి వచ్చిన కోడలో, లూథరన్ అల్లుడో వెంట వస్తే కొన్ని సంగతులు ముందే చెప్పుకోవాలి. మేం మరియమ్మను ఆరాధించం, మా కోసం ప్రార్థించమని అడుగుతాం. జపమాల చెప్పనివాళ్లను చెప్పమనొద్దు, ఆ సమయంలో వాళ్లు లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలు చదువుకోవచ్చు, ఇద్దరి మనసూ ఒకచోటే ఉంటుంది. సత్ప్రసాదం కతోలికులే తీసుకుంటారు. మిగిలినవాళ్లు వరసలో వచ్చి చేతులు గుండె మీద కట్టుకుంటే గురువు ఆశీర్వదించి పంపుతారు. ఇది వరసలో నిలబడ్డాక గుసగుసగా చెప్పారంటే అవమానంలా తగులుతుంది. ఇంటి దగ్గరే చెప్పాలి.

ఆ లూకా రెండో అధ్యాయం మా జిల్లాలవాళ్లు చదివితే ఇంకోలా వినిపిస్తుంది. నజరేతు నుంచి బేత్లెహేముకు సుమారు 145 కిలోమీటర్లు. జనాభా సంఖ్య రాయించుకోవడానికి, నెలలు నిండిన భార్యతో, సొంతూరికి. గాడిద ప్రస్తావన లూకాలో లేదు, అది మన బొమ్మల్లో చేరింది. నడకే అనుకుంటే అయిదారు రోజులు. పని కోసం హైదరాబాదు, చెన్నై, గుజరాత్ రేవుల దాకా వెళ్లే మనవాళ్లకు కాగితం కోసం ఊరికి రావడం, వచ్చాక చోటు దొరకకపోవడం కొత్త కథేమీ కాదు. పూజలో మా విన్నపాల్లో మొదటిది వలసవెళ్లినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలనే. దానికి ప్రార్థనతో పాటు టికెట్టూ కావాలి. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. డిసెంబరు 23న ఎక్కాలంటే అక్టోబరు 24 ఉదయం కూర్చోవాలి. డిసెంబరు వచ్చాక ఫోన్ చేసి “రారా నాన్నా” అంటే వాడు జనరల్ పెట్టెలో నిలబడి రావాలి.

తిరిగొచ్చాక ఇంటిపని. ముందు ఒక మాట. ఈ మధ్య డిసెంబరు మొదలవగానే సెమీ క్రిస్మస్ పేరుతో కేకులు, భోజనాలు. పిలిస్తే వెళ్లండి, కాదనకూడదు. కానీ క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలుండే ఆగమన కాలం ఎదురుచూసే కాలం. 10వ తేదీకే బాలయేసును తొట్టిలో పడుకోబెట్టేస్తే 24 రాత్రికి పిల్లలకు మిగిలేదేముంది? ఇంట్లో ఊదారంగువి మూడు, గులాబీరంగుది ఒకటి, మొత్తం 4 కొవ్వొత్తులు పెట్టి ఆదివారానికొకటి చొప్పున వెలిగించండి. గులాబీది మూడో ఆదివారానికి. చుట్టూ పెట్టడానికి మన తీరంలో సరుగుడు కొమ్మలు కావలసినన్ని. వారానికే ఎండి అగ్గిపుల్లకు సిద్ధంగా ఉంటాయి, కాబట్టి వారంవారం మార్చాలి.

నక్షత్రం కొనడం తేలిక, కడితే పిల్లలకు పని. 2 అడుగుల వెదురు బద్దలు 10, అరడుగు పుల్లలు 5. అయిదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, కొసలు అయిదూ కలిపి బిగించి, లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్ల ఆ పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. కొసల దగ్గర దారం వదులైతే వంకర పోతుంది, అన్నీ కట్టాకే గట్టిగా ముడెయ్యాలి. కాగితానికి మైదా జిగురు ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే బొద్దింకలు కొరకవు. అది విషం, పిల్లల చేతికి ఇవ్వొద్దు. మా వైపు డిసెంబరు మంచుకు కాగితం తెల్లారేసరికి జారిపోతుంది. చూరు కిందకు వేలాడదీయండి. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, పాతకాలపు 60 వాట్ల బల్బు కాగితాన్ని మాడ్చేస్తుంది.

యేసు పుట్టిన చోటును బొమ్మలతో చూపే పశువుల పాకకు కొత్త గడ్డి అప్పుడే కళ్లంలోంచి వస్తుంది, అందులో మనం అదృష్టవంతులం. పచ్చిక కోసం చోళ్లు (రాగులు) ఒక రాత్రి నానబెట్టి 15వ తేదీన పళ్లెంలో రెండంగుళాల మట్టి మీద చల్లండి. రెండు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచి, మొలక కనపడగానే వెలుతురులో పెట్టాలి. నీడలోనే వదిలేస్తే పాలిపోయి పొడుగ్గా సాగి వాలిపోతుంది. నీళ్లు పోయకూడదు, చిలకరించాలి, లేకపోతే కుళ్లుతుంది. పదో తేదీకే చల్లితే పండుగనాటికి పసుపెక్కుతుంది. గడ్డి మధ్య కొవ్వొత్తి వద్దే వద్దు. ఎద్దు, గాడిద సువార్తలో లేవు, యెషయా మొదటి అధ్యాయం మూడో వచనం నుంచి వచ్చాయి, ఉంచొచ్చు. తూర్పు నుంచి బాలయేసును చూడవచ్చిన జ్ఞానులను మాత్రం తొట్టి దగ్గర పెట్టొద్దు. మత్తయి ప్రకారం వాళ్లు వచ్చింది ఇంటికి, ఎంతమందో కూడా ఆయన చెప్పలేదు. గది ఆ మూలన పెట్టి రోజుకో జానెడు జరపండి, వాళ్ల రాకను తలచుకునే జనవరి మొదటి రోజుల సాక్షాత్కార పండుగకు చేరతారు. చిన్నపిల్లలకు బైబిలు ఇంతకన్నా బాగా ఎక్కే దారి మాకు తెలియదు.

అరిసెలు 21 నుంచి. కిలో బియ్యం ఒక రోజంతా నానాలి, నీళ్లు మధ్యలో మార్చాలి. వాడ్చి, తడి ఉండగానే దంచి జల్లించాలి, పిండి ఆరిందా అరిసె పగులుతుంది. బెల్లం 700 నుంచి 750 గ్రాములు. పాకం నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కావాలి. లేతదైతే నూనెలో చెదిరిపోతుంది, ముదిరితే పళ్లకు పరీక్ష. పాకం ముదిరిపోయిందనుకుంటే కాసిని వేడినీళ్లు చల్లి ఇంకోసారి సెగ చూపించొచ్చు, లేత పాకంలో పిండి కలిపేశాక దిద్దుబాటు కష్టం. పంచడానికి వేరే పళ్లెం ముందే తీసిపెట్టండి. పక్కింటి హిందువులకు, ముస్లిములకు, ఆ సంవత్సరం చావు జరిగి పండుగ చేసుకోని ఇంటికి. ఆ ఇంటికి చివర్లో మిగిలింది పంపడం అన్యాయం.

క్రిస్మస్ రాత్రి పూజ వేళ ముందుగా ఉపదేశిని, అంటే ఊళ్లో గురువుకు సాయంగా ఉండే బోధకుణ్ని, అడగాలి. ఒక్క గురువు కింద చాలా పల్లెలుంటాయి. అన్నిచోట్లా అర్ధరాత్రి పూజ కుదరదు, కొన్ని ఊళ్లకు 24 సాయంత్రం, కొన్నింటికి 25 పొద్దున్న. మంచులో నడిచేవాళ్లకు శాలువలు, టార్చీలు. బాలయేసు బొమ్మను ఇంట్లో అందరికన్నా చిన్నవాడి చేత తొట్టిలో పెట్టించాలి, వాడు నిద్రపోయి ఉంటే లేపైనా సరే.

పాకను జనవరిలో వచ్చే ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా ఉంచుతాం. తర్వాత బొమ్మలను పొట్టుపోసిన పెట్టెలో సర్దాలి, బల్బుల తీగలను చుట్టగా చుట్టి విడిగా. గడ్డి ఆవుకు వెయ్యొచ్చు, జరీ ముక్కలు, జిగురు అంటినది ఏరేశాకే. థర్మాకోల్ ముక్కలు భోగిమంటలో వేసే పిల్లలుంటారు, వెయ్యనీకండి, ఆ పొగ మంచిది కాదు.