3124 దగ్గర తెగింది

మా అమ్మాయికి 12 ఏళ్లు. స్కూల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతున్నారు. ఆ వారం హోంవర్కు చిన్నదే. కొన్ని అంకెలు ఇస్తే, వాటిలో వరుసగా వచ్చేవాటిని కలిపి కుదించి రాయాలి. 1, 2, 3, 5, 8, 9 ఇస్తే 1–3, 5, 8–9 అని రావాలి. ప్రింటర్‌కి ఏ పేజీలు కావాలో చెప్పేటప్పుడు మనం రాసేది ఇలాగే. అంకెలు మాత్రం ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలన్నారు.

"అమ్మా, ఆ తెలుగు చార్ట్ వాడుకోనా?" అంది.

విజయవాడలో కొని, సూట్‌కేసులో నలగకుండా చుట్టి తెచ్చిన అక్షరమాల చార్ట్ అది. అమెరికాలో, ఫ్రిస్కోలో మా వంటింటి గోడకి నాలుగేళ్లుగా వేలాడుతోంది. ఆదివారం తెలుగు క్లాసుకి అరగంట ముందు తప్ప దాని వంక చూసే మనిషి కాదు. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది కదా, ఆ నంబర్లు తీసుకుంటానంది. నేను నోరెత్తలేదు. ఎత్తితే మనసు మార్చుకుంటుందని భయం.

కూర్చుని అన్ని అక్షరాలూ తనే టైప్ చేసింది. ప్రోగ్రాం రన్ చెయ్యగానే ఎర్రర్. ఒక్క అక్షరం ఇవ్వమంటే రెండు ఇచ్చావంటోంది. చూస్తే అది 'అం'. కంప్యూటర్‌కి అది అ ఒకటి, సున్నా ఒకటి. అం, అః తీసేశాం. మళ్లీ ఎర్రర్, ఈసారి మూడు ఇచ్చావని. అది క్ష. క, దానికి పొల్లు, ఆ తర్వాత ష. "మరి చార్ట్‌లో ఒకే గడిలో ఎందుకు పెట్టారు?" అని నన్ను నిలదీసింది. చార్ట్ వేసినవాళ్లని అడగాల్సిన ప్రశ్న అది.

తర్వాత నంబర్లని వరుసలో పెట్టాలి. చార్ట్‌లో ళ, ఱ చివర్న ఉంటాయి. నంబర్లలో ర 3120, మన బండి ఱ 3121, ల 3122, ళ 3123. సార్ట్ చెయ్యకపోతే వరుస ఉన్నచోట కూడా తెగిపోతుంది.

ఇక అసలు ప్రోగ్రాం. మొదటి నంబరు పట్టుకుని నడవడం, తర్వాతిది ఒకటి ఎక్కువైతే సాగిపోవడం, కాకపోతే అప్పటిదాకా వచ్చిన ముక్కని రాసేసి కొత్తది మొదలుపెట్టడం. బాగానే రాసింది, కానీ చివరి ముక్క మాయం. ఈ తప్పు నేనూ చేశాను, నాతో పనిచేసేవాళ్లు ఇప్పటికీ చేస్తారు. తెగినప్పుడే రాయమంటే, తెగకుండా జాబితా చివరిదాకా వచ్చిన ముక్కని రాసేదెవరు? ఆ నడక, అంటే లూప్, అయ్యాక ఇంకోసారి రాయాలి. ఇంకో చిట్కా కూడా చూపించాను. ప్రతి నంబరులోంచి జాబితాలో దాని స్థానాన్ని తీసేస్తే, వరుసగా ఉన్నవాటికి ఒకే జవాబు వస్తుంది. 4, 5, 6, 9, 10 ఉన్నాయనుకోండి. స్థానాలు 0 నుంచి లెక్కేసి తీసేస్తే 4, 4, 4, 6, 6. జవాబు మారిన చోటే తెగినట్టు. "నాది చాలు అమ్మా" అంది. సరే.

51 అక్షరాలు ఆరు ముక్కలయ్యాయి: 3077–3084, 3086–3088, 3090–3112, 3114–3123, 3125–3129, 3168–3169.

చివరిది ౠ, ౡ. అవి దూరంగా విడిగా కూర్చుంటాయి. మిగతా ఖాళీలేంటి? "మనం టైప్ చెయ్యడం మర్చిపోయామా, అసలు లేవా?" అంది.

లేవు. అక్షరాలకి ఈ నంబర్లు ఇచ్చే పద్ధతి పేరు యూనికోడ్. అందులో మన ప్రధాన లిపులని, భారతీయ లిపుల కోసం అంతకుముందు ఉన్న 1988 నాటి ఇస్కీ పద్ధతిని బట్టి ఒకే వరుసలో సర్దారు. హిందీ క ఎన్నో గడిలో ఉందో తెలుగు క కూడా తన వాటాలో అన్నో గడిలోనే ఉంటుంది. పక్క లిపిలో ఉండి మనకి లేని అక్షరం దగ్గర గడి ఖాళీగా వదిలేశారు. 3089 అలాంటిదే, హిందీలో ఆఫీసు అని రాసేటప్పుడు వాడే అచ్చుది. 3113 తమిళంలో ఉన్న రెండో న ది. మన నంబరులోంచి 128 తీసేస్తే తమిళ గడి వస్తుందని చెప్పగానే ఎదురింటి తమిళ అబ్బాయిని పిలుచుకొచ్చింది. వాడి జాబితా మనకన్నా ఎక్కువ ముక్కలైంది, తమిళంలో ఖ, గ, ఘ లాంటివి లేవుగా. కాసేపు దాన్ని పట్టుకుని వాణ్ణి ఏడిపించింది.

3124 దగ్గర మాత్రం వాడిదే పైచేయి. 128 తీసేస్తే 2996, అక్కడ వాళ్ల అక్షరం నిక్షేపంగా ఉంది. తమిళ్ అనే మాటలో చివర నాలుక మడిచి పలుకుతారే, అది. మా చార్ట్‌లో ఆ గడే లేదు. మనకీ ఉండేది. పాత శాసనాల్లో కనిపిస్తుంది. వాడుకలోంచి ఎప్పుడో జారిపోయింది. యూనికోడ్‌లో కూడా ఆ గడి ఖాళీగానే ఉండి, 2014లో ఏడో వెర్షన్‌లో నిండింది: ఴ.

"ఏడు అనే అంకెని మీ భాషలో ఏమంటారు?" అని వాణ్ణి అడిగాను. చెప్పాడు. మన డ ఉన్నచోట ఆ అక్షరం. కోడి? అక్కడా అదే. మా అమ్మాయి రెండుసార్లు పలకబోయి నాలుక తిరక్క నవ్వేసింది.

నిజం చెప్పాలంటే ఈ పిల్ల తెలుగు విషయంలో నేను ఖాళీలే లెక్కపెడుతుంటాను. వాళ్ల అమ్మమ్మతో ఫోన్లో ఏ మాట దగ్గర ఆగింది, దేనికి ఇంగ్లీషు వాడింది, అన్నీ. కొన్ని మాటలు దాని బతుకులో అసలు లేవు, దుక్కి, ఏతం లాంటివి. వాటికి దిగులు లేదు, 3113 లాంటివి. చిన్నప్పుడు ఉండి ఇప్పుడు పోయిన మాటలున్నాయి చూడండి, వాటితోనే టెన్షన్. మూడేళ్లప్పుడు 'పొలమారింది' అనేది. మొన్న దగ్గుతూ దానికి తెలుగులో ఏమంటారని నన్నే అడిగింది.

హోంవర్కు పంపే ముందు జాబితాలో ఴ కూడా చేర్చింది. ముక్కలు ఐదయ్యాయి. చార్ట్‌లో ఱ పక్కన పెన్సిల్‌తో ఒక గడి గీసి, ఫోన్లో చూస్తూ ఆ అక్షరం దించింది. కొంచెం వంకరగా వచ్చింది. నేను దిద్దలేదు, నాకూ రాయడం రాదు.