ముందు చక్రాల బండికి డ్రాగ్ టైర్లు: నా అనుభవం

నా మొదటి టైమ్ స్లిప్ ఇంకా గ్లవ్ బాక్స్‌లోనే ఉంది. డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే నిలబడిన చోటు నుంచి తిన్నగా క్వార్టర్ మైలు పరుగు తీసే రేసు ట్రాక్‌లో, ఇచ్చే టైమ్ చీటీ అది. 60 అడుగుల టైమ్ 2.52 సెకన్లు, క్వార్టర్ మైలు (సుమారు 400 మీటర్లు) 15.4. మొదటి 60 అడుగులంటే 18 మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్త దూరంలో నేను చేసిందల్లా పొగ లేపడమే. క్లచ్ వదలగానే ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, ఇంజిన్ అరిచింది, బండి మాత్రం తీరిగ్గా కదిలింది. పక్క లేన్‌లో నాకంటే తక్కువ పవర్ ఉన్న బండి అప్పటికే సగం దూరంలో ఉంది.

నాది టర్బో ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు, పవరంతా ముందు చక్రాలకే. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండో చక్రానికీ పవర్ అందించే భాగం) అప్పటికే వేయించాను. అది లేకుండా ఎంత మంచి టైరు వేసినా ఒక్క చక్రమే తిరిగి ఊరుకుంటుంది కాబట్టి, ఆ పని అవ్వని వాళ్లు టైర్ల మీద డబ్బు పెట్టకముందు దాని సంగతి చూసుకోవడం మంచిది.

మొదట నేను చేసింది చాలామంది చేసే తప్పే. వెడల్పు టైరు వేస్తే గ్రిప్ వస్తుందనుకున్నాను. 205/50ఆర్15 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ అనే పక్క గోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ 15 అంగుళాలు) తీసేసి 17 అంగుళాల రిమ్‌లు, 215/40 టైర్లు వేయించాను. చూడ్డానికి బాగుంది. 60 అడుగుల టైమ్ 2.49. అంత ఖర్చుకి సెకనులో నూటికి మూడొంతులు కలిసొచ్చింది! తర్వాత తెలిసింది, పెద్ద రిమ్ వేస్తే సైడ్‌వాల్ పొట్టిదవుతుంది. 205/50లో 100 మిల్లీమీటర్లకు పైగా ఉన్న సైడ్‌వాల్ ఇక్కడ 86కి వచ్చేసింది. బయల్దేరేటప్పుడు టైరు కాస్త వంగి నేలను పట్టుకోవాలి. వంగడానికి అందులో ఏమీ మిగల్లేదు. పైగా రిమ్ బరువు కూడా పెరిగింది.

ఆ తర్వాతే బుద్ధిగా బండిని నాలుగు చక్రాల కింద తూకం పెట్టి తూయించాను. నేను సీట్లో కూర్చుంటే ముందు 710 కిలోలు, వెనక 440, మొత్తం 1150. ముందు దాదాపు 62 శాతం బరువుంది కదా, ఇంకేం కావాలి అనిపించింది. కానీ అది నిలబడి ఉన్న బండి లెక్క. బండి ముందుకు దూకగానే బరువు వెనక్కి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందో చెప్పడానికి పెద్ద లెక్కేమీ అక్కర్లేదు: బరువు కేంద్రం ఎత్తుని ముందు వెనక చక్రాల మధ్య దూరంతో భాగించి, బండి బరువుతోనూ ఎన్ని జీ వేగం పెంచుతున్నామో (ఒక జీ అంటే కింద పడే వస్తువు వేగం పెరిగే రేటు) దానితోనూ గుణించాలి. నా బండికి ఎత్తు సుమారు 55 సెంటీమీటర్లు, చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు. అర జీతో బయల్దేరితే 126 కిలోలు వెనక్కి పోతాయి. ముందు చక్రాల మీద మిగిలేది 584.

ఇక్కడే నా బుర్ర తిరిగింది. టైరు ఎంత బాగా పట్టుకుంటే బండి అంత గట్టిగా దూకుతుంది, అంత గట్టిగా దూకితే ముందు టైరు మీద బరువు అంత తగ్గుతుంది. అంటే టైరు తన కాళ్ల కింద నేలను తానే లాగేసుకుంటోంది. కాగితం మీద వేసి చూశాను. టైరు గ్రిప్ 30 శాతం పెరిగితే నా బండి దూకుడు పెరిగేది 23 శాతమే. ఇవే బరువులు, ఇదే పొడవు, కానీ వెనక చక్రాలు లాగే బండైతే అదే 30 శాతానికి 42 శాతం పెరుగుతుంది, ఎందుకంటే మళ్లిన బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది. అంటే వెనక చక్రాల బండి వాళ్లు చెప్పే టైరు సలహా నాకు సగమే పనికొస్తుంది. ఇది ముందే అర్థమై ఉంటే తర్వాతి తప్పు చేసేవాణ్ని కాదు.

ఆ తప్పు నా స్నేహితుడి రూపంలో వచ్చింది. వాడిది వెనక చక్రాల బండి, మంచి టైమ్‌లు తీస్తాడు. "అంత ఆలోచన దేనికి రా? ఎంత ఎత్తు స్లిక్ పడితే అంత ఎత్తుది వెయ్యి, గాలి తగ్గించెయ్. నా పాత సెట్ ఉంది, తీసుకెళ్లు" అన్నాడు. వాడిచ్చినవి 26 అంగుళాల ఎత్తున్న స్లిక్‌లు, అంటే గాడులే లేని రేసు టైర్లు. నా 15 అంగుళాల రిమ్‌లకే ఎక్కించాను. షెడ్‌లోనే మొదటి దెబ్బ తగిలింది. స్టీరింగ్ సగం తిప్పగానే టైరు లోపలి అంచు సస్పెన్షన్ స్ట్రట్‌ని రాసుకుంది, ఇంకాస్త తిప్పితే ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌ని. వెనక చక్రాలు స్టీరింగ్‌తో పక్కకి తిరగాల్సిన పని లేదు కాబట్టి వాడికెప్పుడూ ఈ బాధ రాలేదు. స్పేసర్లు పెట్టి ఎలాగో నెట్టుకొచ్చాను.

స్ట్రిప్ మీద చక్రాలు అసలు జారి తిరగలేదు. సంతోషించాల్సిన విషయమే, కానీ ఇంజిన్ కూడా తిరగలేదు! నా పాత టైరు ఎత్తు 23.1 అంగుళాలు. 26కి వెళ్లడమంటే గేర్లన్నీ దాదాపు 13 శాతం పొడవు చేసినట్టు. మొదటి గేర్ రెండో గేర్‌కి సగం దారిలో ఉన్నట్టు అనిపించింది. క్లచ్ వదలగానే ఆర్‌పీఎం కిందికి పడిపోయి, టర్బో ఊపిరి తీసుకునే లోపు పక్క బండి వెళ్లిపోయింది. 60 అడుగుల టైమ్ 2.45. చివర్లో గంటకు 130 కిలోమీటర్లు దాటాక స్టీరింగ్ తడబడింది. మెత్తటి సైడ్‌వాల్ వెనక చక్రాల మీద ఉంటే బండి కొంచెం ఊగుతుంది, అంతే. అదే మనం తిప్పే చక్రాల మీద ఉంటే మనం చెప్పిన మాట టైరుకి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ రోజు రెండో రన్ వెయ్యలేదు.

తర్వాత డ్రాగ్ రేడియల్‌కి వచ్చాను. పాత సైజే, 205/50ఆర్15. గాడులు కొద్దిగానే ఉంటాయి, రబ్బరు మెత్తన, రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్న రకం. నిజం చెప్పాలంటే, రోజూ అదే బండిలో తిరిగేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. వర్షంలో మాత్రం చాలా జాగ్రత్త. ఆ కొద్దిపాటి గాడులు రోడ్డు మీద నీటిని తోసెయ్యలేవు.

ఒక సాయంత్రమంతా గాలితోనే గడిపాను. లాంచ్ (బయల్దేరేటప్పటి) ఆర్‌పీఎం మార్చలేదు, బర్నౌట్ (ముందే చక్రాలు గిర్రున తిప్పి టైర్లు వేడి చేయడం) మార్చలేదు, గాలి ఒక్కటే మార్చాను. 30 పీఎస్ఐకి 2.38, 26కి 2.29, 22కి 2.21. ఇంకేముంది, ఇలాగే కిందికి పోదామని 18 పెడితే 2.27కి వెనక్కి వచ్చింది, పైగా చివర్లో బండి అటూ ఇటూ వెతుక్కుంది. స్లిక్‌కి పెట్టినంత తక్కువ గాలి రేడియల్‌కి పనికిరాదు, మధ్య భాగం నేల వదిలేసి అంచుల మీద కూర్చుంటుంది. ఇది నేను సుద్ద గీతతో చూశాను. టైరు మీద అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత గీసి, రోడ్డు మీద మెల్లగా నాలుగడుగులు నడిపి దిగి చూడాలి. 30లో మధ్యలోనే చెరిగింది. 18లో రెండు అంచులు చెరిగి మధ్యలో తెల్లగా మిగిలింది. 22లో మొత్తం సమంగా పోయింది. ఖర్చు ఒక్క సుద్దముక్క.

గాలి ఎప్పుడు కొలుస్తున్నామన్నదీ ముఖ్యమే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 22 పెడితే మూడు రన్‌ల తర్వాత అదే టైరులో 25 ఉంది. మొదటిసారి ఇది తెలియక ఒక గంటసేపు నా క్లచ్‌ని తిట్టుకున్నాను. ఇప్పుడు ప్రతిసారీ బర్నౌట్‌కి వెళ్లే ముందు వరసలో ఆగినప్పుడే కొలుస్తాను.

బర్నౌట్ సంగతి కూడా ఒక మాట. మనకు హ్యాండ్‌బ్రేక్ చాలు, వెనక చక్రాలు అక్కడే ఆగుతాయి, ముందువి తిరుగుతాయి. ఈ ఒక్క విషయంలో వెనక చక్రాల వాళ్లు మనల్ని చూసి కుళ్లుకోవాలి. గాడులున్న టైరుతో మాత్రం బర్నౌట్ కోసం నేల మీద పోసిన నీళ్ల మధ్యలోకి దిగకూడదు, ఆ నీళ్లు గాడుల్లో దాక్కుని సరిగ్గా స్టార్ట్ గీత దగ్గర బయటికొస్తాయి. తడి అంచుకు తగిలిస్తే సరిపోతుంది.

రేడియల్‌తో క్వార్టర్ మైలు 14.9 వచ్చింది. అక్కడ నన్ను గోకుతూ ఉన్నది ఇంకో విషయం. మూడో గేర్ 7000 ఆర్‌పీఎం దగ్గర బండి 141లో ఉంటుంది. నేను ముగింపు గీత దాటేది 147లో. అంటే చివరి కొద్ది మీటర్ల కోసం నాలుగో గేర్ వేస్తున్నాను. టైరు ఎత్తు 24.5 అంగుళాలైతే అదే 7000కి 149 వస్తుంది, ఆ గేర్ మార్పే ఉండదు. 26 లాగా మరీ పొడవు కాదు, ఆరు శాతమే తేడా. అప్పటిదాకా టైరంటే గ్రిప్ అనే అనుకున్నాను. అది గేర్‌బాక్స్‌లో ఇంకో పల్లుచక్రం లాంటిదని అప్పుడు తట్టింది.

అలా 24.5/8.0-15 స్లిక్ మీద పడ్డాను. స్లిక్ సైజు రాసే పద్ధతి వేరు: మొదటిది ఎత్తు, రెండోది నేలను తాకే భాగం వెడల్పు, చివరిది రిమ్, అన్నీ అంగుళాల్లోనే. డబ్బు మిగులుతుందని ముందు వాడేసిన సెట్ కొన్నాను. "రెండు రన్‌లే వేశాం" అన్నారు. నిజమే కావచ్చు, రబ్బరు నిండుగానే ఉంది. కానీ ఎన్నాళ్లు ఎండలో పడి ఉన్నాయో అడగలేదు. 2.30, రేడియల్ కంటే అన్యాయం. ఇంటికొచ్చి గోరుతో నొక్కితే గుర్తే పడలేదు. కొత్త సెట్ వచ్చాక అదే గోరు మెత్తగా దిగి, ఆ గాటు కాసేపు అలాగే నిలిచింది. కొనేటప్పుడే ఆ గోరు వాడి ఉంటే ఎంత బాగుండేదో! ఇప్పుడు నా స్లిక్‌లు నల్ల ప్లాస్టిక్ సంచుల్లో, చీకటి మూల, మోటార్లు లేని చోట పడుకుంటాయి. నడిచే మోటారు దగ్గర పుట్టే ఓజోన్ కూడా రబ్బరుని తింటుంది.

కొత్త స్లిక్‌తో మొదటి లాంచ్‌లో బోనెట్ దడదడా ఎగిరింది. చక్రం పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం, సెకనుకి ఎన్నిసార్లో. వీల్ హాప్ అంటే ఇదే. యాక్సిలరేటర్ వదిలెయ్యాలి. నేను వదల్లేదు. టప్పున శబ్దం, ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోంది, బండి కదలట్లేదు. ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ (చక్రానికి పవర్ అందించే కడ్డీ) బయటి జాయింట్ విరిగింది. టైరు జారుతున్నంత కాలం డ్రైవ్‌షాఫ్ట్‌ని కాపాడింది ఆ జారడమే. టైరు గట్టిగా పట్టుకుంటే తర్వాత బలహీనమైనదేదో అది పోతుంది. గట్టి షాఫ్ట్‌లు, ఇంజిన్ మౌంట్లలో పాలీయురిథేన్ ముక్కలు వేయించాక హాప్ చాలావరకు పోయింది. లాంచ్‌లో క్లచ్‌ని ఒక్కసారిగా కాకుండా కొద్దిగా జార్చి వదలడం నేర్చుకున్నాక మిగిలిందీ పోయింది. 13 పీఎస్ఐ దగ్గర 2.04 వచ్చింది. చివరి టైమ్ 14.5, మూడో గేర్‌లోనే, 148లో.

వెనక టైర్లకు 45 పీఎస్ఐ పెడతాను, సైడ్‌వాల్ మీద రాసిన పరిమితి దాటకుండా. సులువుగా దొర్లడమే వాటి పని. వెనక స్ప్రింగులు గట్టిచేస్తే బరువు వెనక్కి పోదని కొందరంటారు. నేను ఒప్పుకోను, పైన చెప్పిన లెక్కలో స్ప్రింగు ఎక్కడా లేదు. అది ముక్కు పైకి లేవడాన్ని తగ్గిస్తుంది, దాంతో ముందు టైరు నేల మీద నిటారుగా ఉంటుంది. అది కూడా మంచిదే, అందుకే వేశాను. బరువు కోసం మాత్రం స్టెప్నీ, వెనక సీటు తీసేశాను. 38 కిలోలు పోయాయి, అన్నీ వెనకవే.

ఆ సీటు స్థలంలోనే స్లిక్‌లు పెట్టుకుని, మామూలు టైర్ల మీద స్ట్రిప్‌కి వెళ్లి, అక్కడ జాకీ వేసి మార్చుకుంటాను. మొదటి రోజు టైరు మీద, రిమ్ మీద కలిసేలా పసుపు రంగు పెయింట్‌తో ఒక గీత పెట్టాను. ఆరు రన్‌ల తర్వాత చూస్తే కుడి వైపు గీత విడిపోయింది. టైరు రిమ్ మీద రెండు వేళ్లంత జరిగింది. వచ్చేసారి వెళ్లేలోపు రిమ్ స్క్రూలు (టైరు రిమ్ మీద జరగకుండా పట్టేవి) వేయించాలి.