ఇంట్లోనే కాఫీ గింజలు వేయించాలంటే

చవక ఎలక్ట్రిక్ రోస్టర్ అంటే అడుగున కాయిల్, పైన నాన్‌స్టిక్ గిన్నె, గింజల్ని తిప్పే కడ్డీ. అంతే. డబ్బా మీద 500 గ్రాములని రాసున్నా 250కి మించి పోయకండి. ఎక్కువైతే కడ్డీ కింది గింజల్ని పైకి తేలేదు. కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా మిగులుతాయి.

గిన్నె ఐదు నిమిషాలు వేడెక్కాక గింజలు పోయాలి. పచ్చివాసన పోయి, పసుపు రంగు తిరిగి, కాల్చిన బ్రెడ్డు వాసన వస్తుంది. గింజ వేడి 200 డిగ్రీల దగ్గరికి చేరితే పేలాలు పేలినట్టు మొదటి చిటపట. దీనికి 9 నుంచి 12 నిమిషాలు పట్టాలి. పదిహేను దాటినా వినబడలేదంటే గింజలు వేగకుండా ఉడుకుతున్నట్టే, రుచి చప్పబడుతుంది. తిరుపతి వేసవిలో, ఇంటింటా ఏసీలు ఆడే రాత్రివేళ, వోల్టేజ్ 230 నుంచి 207కి పడితే కాయిల్ వేడి దాదాపు ఐదోవంతు తగ్గిపోతుంది. తెల్లవారుజామున వేయించడం మేలు.

పాలు కలిపే మన ఫిల్టర్ డికాషన్‌కైతే రెండో చిటపట, ఎండుపుల్లలు విరిగినట్టు సన్నగా, మొదలవగానే దించాలి.

చల్లార్చడమే అసలు పని. స్విచ్ ఆపినా గింజలోని వేడి వేపుతూనే ఉంటుంది. వెంటనే జల్లెడలో పోసి, మిద్దె మీద టేబుల్ ఫ్యాన్ ముందు కదపండి, పొట్టూ ఎగిరిపోతుంది. నాలుగు నిమిషాల్లో చేతికి చల్లగా తగలాలి. 250 గ్రాములకు 210 దాకా మిగులుతాయి. 200కి తగ్గితే మాడినట్టే.

ఒకరోజు మూత వదులుగా పెట్టండి, గ్యాస్ పోవాలి. చికోరీ మాత్రం పొడి పట్టాకే కలపాలి.