ట్యాంకు ఖాళీ, స్క్రీన్ మీద 62 శాతం

ఇవాళ జరిగింది ఇవాళే రాసేస్తున్నా. రేపటికి కోపం తగ్గితే మర్యాదగా రాసేస్తాను.

మాది చిన్న ప్లాంటు, పక్కనే చిన్న కాలనీ. ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలిచే పరికరాల) ఇంజనీర్‌ని నేనొక్కణ్ణే. గేటు మోటారు ఆగినా, వీధిలైటు వెలగకపోయినా "మీ సెన్సార్ ఏదో పోయినట్టుంది" అంటూ నా గుమ్మం ముందుకే వస్తారు. అలవాటైపోయింది.

పొద్దున ఐదున్నరకి కాలనీలో నీళ్లు ఆగిపోయాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ. స్క్రీన్ మీద లెవెల్ మాత్రం 62 శాతం. 30కి దిగితేనే పంపు ఆన్ అవుతుంది, ఇంకెక్కడి పంపు! మాన్యువల్‌లో పెట్టి, పొంగిపోకుండా చూడమని పంపు ఆపరేటర్‌ని పైకి ఎక్కించి నీళ్లు ఇప్పించాను. పది నిమిషాల్లో అయిపోయింది.

అసలు కథ తర్వాతే. ట్యాంకు నిండుతుంటే రీడింగ్ 62 దగ్గరే కూర్చుంది. పంపు ఆపేశాక, అందరూ నీళ్లు వాడుకుంటున్నప్పుడేమో 64, 66 అని పెరుగుతోంది! ట్యాంకు దగ్గర నీటి ఒత్తిడిని కొలిచి లెవెల్‌ని కరెంటుగా పంపేది ట్రాన్స్‌మిటర్. దాన్నుంచి స్క్రీన్ దాకా వచ్చే తీగల్లో, అంటే లూప్‌లో, కరెంటు కొలిచాను, స్క్రీన్‌తో సరిగ్గా సరిపోయింది. దానికి అందాల్సిన 24 వోల్టులూ ఉన్నాయి. ట్రాన్స్‌మిటర్ బదులు నేనే ట్యాంకు కింది జంక్షన్ బాక్స్ నుంచి 4, 12, 20 మిల్లీఆంప్స్ ఇచ్చి చూస్తే స్క్రీన్ మీద 0, 50, 100 పడ్డాయి. అంటే కేబుల్, సిగ్నల్ అందుకునే కార్డు, ప్రోగ్రామ్ అన్నీ బాగున్నాయి, ట్రాన్స్‌మిటరే పోయిందని తేల్చేశాను. కంట్రోల్ వాల్వ్ ఊగిసలాటని ట్రెండ్ (రీడింగుల గ్రాఫ్) చూసి పట్టేసేవాణ్ణి, నాకిదో లెక్కా అనుకున్నా. స్టోర్స్‌లో కొత్తది తీసుకోవడానికి రెండు గంటలు పట్టింది. ఎదురుగా షెల్ఫ్‌లో కనిపిస్తున్న వస్తువుకి మూడు సంతకాలు! స్పేర్ ఒకటి మీ బీరువాలోనే దాచుకోండి, ఎవరేమన్నా సరే.

కొత్త ట్రాన్స్‌మిటర్ భుజాన వేసుకుని పైకెక్కాను. పాతదాని నట్లకి స్పానర్ పెట్టబోతుంటే పంపు ఆపరేటర్ మెల్లిగా అడిగాడు: "సార్, ఈ హ్యాండిల్ ఇలా పైపుకి అడ్డంగానే ఉండాలా?"

ట్యాంకుకీ ట్రాన్స్‌మిటర్‌కీ మధ్య ఉండే ఐసొలేషన్ వాల్వ్ మూసి ఉంది. నిన్న మధ్యాహ్నం సివిల్ సెక్షన్ పెయింటింగ్ వాళ్లు మూసి, తెరవకుండా దిగిపోయారట. అప్పటి ఒత్తిడి వాల్వ్‌కీ ట్రాన్స్‌మిటర్‌కీ మధ్య ట్యూబులో ఇరుక్కుపోయింది, ఇవాళ ఎండకి ఆ ట్యూబులో నీళ్లు వేడెక్కి రీడింగ్ పెరిగింది. ట్రెండ్‌లో నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ ఎండ ఎక్కేదాకా గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. వాడకంలో ఉన్న ట్యాంకు లెవెల్ అలా ఉండదని నాకు తెలుసు. చూశాను కూడా, పట్టించుకోలేదు.

హ్యాండిల్ తిప్పగానే రీడింగ్ 41కి పడింది. కింద బకెట్లతో నిలబడి చూస్తున్న వాళ్లలో ఒకాయన "అంతేనా?" అన్నాడు. అదే మాట సాయంత్రం నడకలో మరో ముగ్గురు అన్నారు. చిన్న చోట ఇదే తంటా, మన తప్పు మనకంటే ముందే ఇంటికి చేరుతుంది.

మూశామని చెప్పే ట్యాగ్ కూడా కట్టకుండా నా వాల్వ్ ముట్టుకున్న సివిల్ సెక్షన్‌ని మాత్రం వదలను. లాగ్‌బుక్‌లో వాళ్లు రాయించింది "ఇన్‌స్ట్రుమెంట్ ఫాల్ట్". కొట్టేయమన్నాను, కొట్టలేదు. హ్యాండిల్‌కి తీగ చుట్టి సీల్ వేశాను. నీళ్లు కిందిమట్టానికి దిగితే తెలిసేలా విడిగా ఫ్లోట్ స్విచ్ (నీళ్ల మీద తేలే స్విచ్) పెట్టాలని ఇండెంట్ (సామాను కోరే చీటీ) కూడా రాశాను. దానికీ మూడు సంతకాలు కావాలట.