గాలి బాగుంటుంది సరే, జీతం ఎంత?

ఫారెస్ట్‌లో పని చేయాలనుంది అని ఎవరైనా అంటే చాలు, అబ్బా ఎంత అదృష్టం, పచ్చదనం, ప్రశాంతత అంటారు. జీతం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నాకైతే ముందు అదే అడగాలనిపిస్తుంది, తిరకాసంతా అక్కడే ఉంది మరి.

మొక్కలు నాటే పనే తీసుకోండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఎక్కువగా పీస్ రేటే, మొక్కకి ఇన్ని సెంట్లు అని. నడుముకి సంచులు కట్టుకుని, పారతో నేల చీల్చి, వేరు మడతపడకుండా మొక్కని దించి, మడమతో ఒక తొక్కు తొక్కి ముందుకెళ్ళిపోవాలి, చెయ్యి తిరిగినవాళ్ళు రోజుకి వేలల్లో నాటేస్తారు. ఇంతలో చెకర్ వస్తాడు, 3.99 మీటర్ల తాడు గుండ్రంగా తిప్పుతాడు, అంటే 50 చదరపు మీటర్ల ముక్క, అందులో ప్రతి మొక్కా పట్టి చూస్తాడు. బాగోలేకపోతే వెనక్కెళ్ళి సరిచేయాలి, ఆ సేపు కొత్త మొక్కలు పడవు కాబట్టి ఆ రోజు సంపాదనకి అక్కడే గండి.

గంటల లెక్కన ఇచ్చేచోట ఇంకో గొడవ. అమెరికాలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ సీజనల్ పనివాళ్ళని 'టెన్ థర్టీనైన్' (1039) అంటారు, ఏడాదికి 1,040 గంటలు నిండనివ్వరు కాబట్టి. సుమారు ఆరు నెలలు పని, తర్వాత ఎవరి దారి వాళ్ళది. అలా ఏళ్ళ తరబడి చేసినా ఆ టెంపరరీ సర్వీసు మామూలుగా పెన్షన్‌లో కలవదు. మళ్ళీ దీన్ని ప్యాషన్ ఉద్యోగం అంటారు, ప్యాషన్‌తో అద్దె కట్టలేం కదండీ!

పోనీ ముందు ముందు బాగుంటుందా అంటే, 2022లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద రక్షిత ప్రాంతాల్లో రేంజర్లు దాదాపు 2,86,000 మంది, 2030 నాటికి భూమిలో 30 శాతాన్ని కాపాడాలంటే 15 లక్షల మంది కావాలట. వినడానికి బ్రహ్మాండం. కానీ మనుషులు కావాలి అన్నంత మాత్రాన పోస్టులు పుట్టవు, బడ్జెట్ ఉంటేనే పుడతాయి, కలప అమ్మితే డబ్బొస్తుంది గానీ చెట్టుని నిలబెడితే ఆ ఏడాది పద్దులో ఏమీ కనపడదు, అందుకే బడ్జెట్ కోత మొదట ఇక్కడే పడుతుంది. ఇటు నరికే పనేమో చాలాచోట్ల హార్వెస్టర్ మెషీన్లు లాగేసుకున్నాయి, మనుషులు పదిమంది చేసేది ఒకడు క్యాబిన్లో కూర్చుని చేసేస్తున్నాడు.

అందుకని నా సలహా, ఒట్టి చేతులతో వెళ్ళకండి. మంటలార్పే ట్రైనింగో, చైన్‌సా (మోటారు రంపం) సర్టిఫికెట్టో, కంప్యూటర్లో మ్యాపులు చేసే జీఐఎస్ మ్యాపింగో ఏదో ఒకటి చేతిలో ఉంటే సీజన్ అయ్యాక కూడా పిలిచేవాళ్ళుంటారు. ఆఫర్ వచ్చాక మొహమాటపడకుండా ఇవి అడగండి: ఎన్ని నెలలు, వాన పడి పని ఆగితే డబ్బులిస్తారా, సైట్‌కి వెళ్ళిరావడానికి పట్టే టైము లెక్కలో ఉందా, బూట్లు ఎవరు కొంటారు.