శ్రీకాళహస్తి పాత గాలిగోపురం బొమ్మ, వికీపీడియా కాపీహక్కులు

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. అదే చోట కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. కూలిపోయిన గోపురం బొమ్మ ఒకటి తెలుగు వికీపీడియాలో చేర్చాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉండేది. ఇంటర్నెట్‌లో వెతికితే దినపత్రికలవీ, యాత్రికులవీ ఎన్నో ఫోటోలు కనిపిస్తాయి కానీ, వాటిలో ఒక్కటి కూడా నేను తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో, చివరకు బొమ్మను ఏ దారిన సంపాదించానో చెబితే, మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల గురించి అక్కడ రాయాలనుకునేవారికి కాపీహక్కుల సంగతి కొంతైనా తేటపడుతుందని ఇది రాస్తున్నాను.

నేను వికీపీడియాలో రాసిన మొదటి వ్యాసం తొలగింపుకు గురైంది. తిరుపతిలో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక చిన్న గుడి గురించి, అక్కడ అమ్మే స్థలపురాణం పుస్తకాన్ని ముందు పెట్టుకొని, రెండు రాత్రులు కూర్చొని టైపు చేసిన వ్యాసమది. చివర మూలాల్లో పుస్తకం పేరూ, పేజీ సంఖ్యలూ ఇచ్చాను కనుక చేయవలసినదంతా చేశాననే అనుకున్నాను. మూడో రోజున ఒక నిర్వాహకుడు చర్చా పేజీలో నా పేరానూ, పుస్తకంలోని పేరానూ పక్కపక్కన పెట్టి చూపించారు. పుస్తకంలో ‘చూపరుల మనసులను ఇట్టే ఆకట్టుకొను శిల్పసంపదతో అలరారుచున్నది’ అని ఉన్నచోట, నా వ్యాసంలో ‘చూపరులను ఇట్టే ఆకట్టుకునే శిల్పసంపదతో అలరారుతోంది’ అని ఉంది. క్రియ రూపం మార్చి, ఒక మాట తీసేసి, దాన్ని నా రాత అనుకున్నాను. మూలం ఇచ్చాను కదండీ అని రాస్తే, మూలం చూపడం పాఠకుడికి తీర్చవలసిన బాకీ అనీ, అనుమతి పొందడం రచయితకు తీర్చవలసిన బాకీ అనీ, ఒకటి తీర్చినంత మాత్రాన రెండోది తీరదనీ ఆయన జవాబిచ్చారు. ఆ రోజు కష్టంగా అనిపించింది కానీ, ఆయన చెప్పింది పూర్తిగా సరైనదే.

వికీపీడియాలో మార్పులను ప్రచురించిన ప్రతిసారీ మన రాతను మనం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద లోకానికి ఇచ్చేస్తున్నాం. 2009 వరకు అక్కడ గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు ఒక్కటే ఉండేది. ఆ ఏడాది క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 3.0 వచ్చింది, 2023 నుంచి 4.0 అమల్లో ఉంది. దాని ప్రకారం ఎవరైనా ఆ వ్యాసాన్ని తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు కూడా. రాసినవారిని పేర్కొనాలి, తాము మార్చినదాన్ని తిరిగి అదే లైసెన్సుతో ఇవ్వాలి, అంతే. అలిపిరి దగ్గర యాత్రికులకు చిన్న పుస్తకాలు అమ్ముకునే వ్యక్తి ఆ మాటను నమ్మి నా వ్యాసాన్ని అచ్చు వేయించుకుంటే, ఎవరి పుస్తకంలో నుంచో నేను ఎత్తిపెట్టిన పేరా వల్ల చిక్కులో పడేది ఆయన. నాది కానిదాన్ని నాదన్నట్టు ఆయనకు ఇచ్చాననే సంగతే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించింది. పుస్తకం వేసినవారు దయతలచి ‘వికీపీడియాలో పెట్టుకోండి, అమ్ముకోవడానికి మాత్రం కాదు’ అని ఉత్తరం రాసిచ్చినా అది చాలదు, ఎందుకంటే ఆ షరతు ఈ లైసెన్సుతో పొసగదు.

అలాగని ఏమీ రాయలేమని కాదు. కాపీహక్కు ఉండేది చెప్పిన తీరుకే గాని చెప్పిన విషయానికి కాదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఒక ఊరి జనాభా, ఒక శాసనం తేదీ, ఒక చెరువు కింది ఆయకట్టు ఎవరి సొత్తూ కాదు. తెలుగు వికీపీడియాలోని గ్రామ వ్యాసాలలో 2011 జనగణన అంకెలను నిశ్చింతగా వాడుకోగలిగింది అందుకే. కానీ పుస్తకం పక్కన పెట్టుకొని వాక్యం తరువాత వాక్యాన్ని అదే వరుసలో వేరే మాటలతో తిరగరాయడం సొంతంగా రాయడం కాదు. నేనిప్పుడు రెండు మూడు మూలాలు చదివి, అంకెలూ తేదీలూ మాత్రం నోటుపుస్తకంలో రాసుకొని, పుస్తకాలు మూసేశాకే టైపు చేయడం మొదలుపెడుతున్నాను. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులోకి అనువదిస్తే కాపీ కాదనుకోవడం కూడా పొరపాటే, అనువాద హక్కు మూల రచయితదే. ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాన్నైతే అనువదించుకోవచ్చు గాని, ఎక్కడి నుంచి తెచ్చామో దిద్దుబాటు సారాంశంలో రాయాలి.

ప్రభుత్వం వేసిన పుస్తకం ప్రజలదే కదా అని మావాళ్లు చాలామంది అంటారు. మన కాపీరైట్ చట్టం అలా చెప్పదు. ప్రభుత్వ ప్రచురణకు వెలువడిన తరువాత 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. చట్టాల పాఠం, కోర్టు తీర్పులు, గెజిట్‌లో వచ్చిన అంశాలు వంటి కొన్నిటికే ఆ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపునిచ్చింది. మరోవైపు, చిత్తూరు 1911లో ప్రత్యేక జిల్లా కాకమునుపు ఈ ప్రాంతాన్ని వర్ణిస్తూ 1881లో వచ్చిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ వంటివి ఇప్పుడు అందరివీ. వాటిని పేజీలకు పేజీలు వాడుకున్నా తప్పు లేదు, ఎక్కడిదో చెబితే చాలు.

తిరుపతిలో తరచుగా వినిపించే మరో మాట, ‘అన్నమయ్య పాటలకు కాపీరైటేమిటి?’ అన్నది. 1503లో పరమపదించిన వాగ్గేయకారుడి సాహిత్యానికి కాపీహక్కు లేదన్నది నిజమే. కానీ మన చేతికి అందే సంకీర్తన ఆ సాహిత్యం ఒక్కటే కాదు. రాగిరేకుల పాఠాన్ని పరిష్కరించి పీఠికలు రాసిన పండితులున్నారు, స్వరపరచినవారున్నారు, పాడి రికార్డు చేసినవారున్నారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. కనుక 1950లో మరణించిన వేటూరి ప్రభాకరశాస్త్రి రచనలకు 2010తో గడువు తీరింది; 1979లో మరణించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పీఠికలకూ, స్వరకల్పనలకూ 2039 చివరి వరకు హక్కు ఉంటుంది. ఇద్దరి పేర్లూ తిరుమల తిరుపతి దేవస్థానం వెలువరించిన సంకీర్తన సంపుటాల మీద కనిపించేవే, అయినా లెక్క వేరు. రికార్డుకు మళ్లీ వేరే గడువు, అది విడుదలైన తరువాత 60 ఏళ్లు. వికీపీడియాను నడిపే సంస్థ అమెరికాలో ఉన్నందువల్ల అక్కడి చట్టాన్నీ చూసుకోవాలి: 1996 జనవరి 1 నాటికి మన దేశంలో హక్కు తీరని రచనకు అక్కడ ప్రచురణ నుంచి 95 ఏళ్ల దాకా రక్షణ ఉండవచ్చు. ఈ ముడి పడినచోట నేను సొంతంగా తేల్చుకోకుండా, తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే ‘రచ్చబండ’ పేజీలో అడుగుతాను.

ఇక గోపురం బొమ్మ. మా అమ్మకు వరుసకు అన్న అయ్యే పెద్దాయన శ్రీకాళహస్తిలో ఉంటారు. ఆయన ఆల్బంలో ఒకే పేజీలో పాత గోపురం మూడు ఫోటోలలో కనిపించింది. మొదటిది ఆయన సొంత కెమెరాతో తీసినది. దాని హక్కు ఆయనదేనన్నది తేలిక. రెండోది ఆయన పెళ్లినాటిది, దంపతుల వెనుక గోపురం నిండుగా ఉంది. స్టూడియో వారు తీసినది కనుక వారి అనుమతి కావాలేమోనని మొదట అనుకున్నాను. కానీ డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు అని మన చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది.

‘ఆ ఫోటోలు తీయించింది, డబ్బిచ్చింది మా మామప్పా, నేను కాదు’ అన్నారాయన.

అంటే హక్కు ఆయన మామగారిది. వారు కాలం చేశారు కనుక వారసులందరిదీ. పైగా అందులో మా అత్త కూడా ఉన్నారు, ఆవిడ ఇష్టపడకుండా పెట్టడం మర్యాద కాదు. రెండోదాన్ని వదిలేశాం. మూడోది రంగుల కార్డు, ఎప్పుడో సన్నిధి వీధిలో కొన్నదట. ఫోటో అన్నిటికన్నా బాగున్నది అదే. కానీ కార్డు కొన్నవారికి కాగితం మీద హక్కు వస్తుందే గాని బొమ్మ మీద రాదు.

మొదటిదాన్ని ఇవ్వడానికి ఒప్పుకోకముందు ఆయన, ‘రేపు క్యాలెండరోళ్లు దీన్ని అచ్చేసి అమ్ముకుంటే?’ అని అడిగారు. అమ్ముకోవచ్చు మామా, నీ పేరు మాత్రం వెయ్యాల, ఒకసారి ఇచ్చినాక వెనక్కి తీసుకొనే వీలుండదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ మాట దాచిపెట్టి తెచ్చే అనుమతి అనుమతి కాదని నా నమ్మకం. ఆయన కాసేపు ఆల్బం చూస్తూ కూర్చొని, కూలిపోయిన గోపురం పదిమందికీ కనిపిస్తే మంచిదే కదా అన్నారు. లైసెన్సు పేరు స్పష్టంగా పేర్కొంటూ ఆయన తన సొంత మెయిలు నుంచే అనుమతి పంపారు. వికీమీడియా స్వచ్ఛందకారులు దాన్ని పరిశీలించి, బొమ్మ పేజీలో అనుమతి నమోదైనట్టు గుర్తు పెట్టారు.

సముచిత వినియోగం (ఫెయిర్ యూజ్, అంటే అనుమతి అడగకుండానే పరిమితంగా వాడుకోవడం) కింద ఏ పత్రిక ఫోటోనో పెట్టేస్తే ఇంత శ్రమ ఉండేది కాదు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. అమెరికా చట్టంలోని 107వ సెక్షన్ దీనికి ఆధారం: దేనికోసం వాడాం, అసలు రచన ఎటువంటిది, ఎంత భాగం తీసుకున్నాం, హక్కుదారు సంపాదనకు దెబ్బ తగులుతుందా అన్నవి చూస్తారు. మన 52వ సెక్షన్‌లోని మినహాయింపులు విమర్శ, సమీక్ష, సొంత పరిశోధన, వర్తమాన విషయాల నివేదన వంటి కొన్ని పనులకు కట్టుబడి ఉంటాయి. వికీపీడియా తన నియమాన్ని ఈ రెండింటికన్నా బిగువుగా పెట్టుకుంది. స్వేచ్ఛగా వాడుకోదగిన బొమ్మ దొరకనిచోట, దొరికే వీలూ లేనిచోట మాత్రమే, చిన్న పరిమాణంలో, ఆ వ్యాసానికి ఎందుకు అవసరమో రాసి, తెలుగు వికీపీడియాలోనే ఎక్కించాలి. అన్ని వికీపీడియాలకూ ఉమ్మడి బొమ్మల నిలయమైన వికీమీడియా కామన్స్‌లో ఇటువంటి బొమ్మలకు అసలు చోటు లేదు. సినిమా వ్యాసంలో ఆ సినిమా పోస్టరు, పుస్తకం వ్యాసంలో దాని అట్ట ఇందులో ఇముడుతాయి. జీవించి ఉన్న రచయిత ఫోటో ఇమడదు, ఎందుకంటే ఆయన తిరుపతిలోని మహతి ఆడిటోరియంలో సభకు వచ్చిన రోజున ఎవరైనా ఒక ఫోటో తీయవచ్చు. పాత గోపురాన్ని ఇప్పుడు తీయలేం, నిజమే. కానీ దాన్ని తీసిన ఫోటోలు మన ఇళ్లలోని ఆల్బంలలో ఉన్నాయి, అడగడమే తక్కువ.

బయట మనమే తీసే ఫోటోలలో కూడా ఒక మెలిక ఉంది. కూడలిలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని ఫోటో తీసి ప్రచురించడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. గోడ మీది చిత్రానికి ఆ మినహాయింపు వర్తించదు. తిరుపతి గోడల మీది రంగుల చిత్రాలను తీసి ఎక్కించేవారు ఈ తేడాను గమనించాలి. కలంకారీ సంగతీ ఇటువంటిదే: పద్ధతి తరతరాలది, కానీ నిన్న ఒక కళాకారుడు సొంతంగా ఊహించి వేసిన వస్త్రం ఆయనదే. ఆయన దగ్గరకు వెళ్లి అడగడం శ్రీకాళహస్తిలో పెద్ద దూరమేమీ కాదు.

మామ ఫోటో పెట్టాను కానీ, ఆ రంగుల కార్డు నా మనసులోంచి పోలేదు. దాని వెనుక అంటించిన చీటీ మీద ప్రెస్సు పేరు సగమే మిగిలింది, ఏడాది చిరిగిపోయింది. ఎవరు తీశారో తెలియని ఫోటోకైనా ప్రచురించిన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది కనుక, తేదీ తెలియకుండా దాన్ని ముట్టుకోలేను. ఈసారి శ్రీకాళహస్తి వెళ్లినప్పుడు సన్నిధి వీధిలోని పాత దుకాణాలవారికి ఆ చీటీని చూపించి అడుగుతాను.